నాలుగున్నర గ్రాముల ఉప్పు

నేను ఒక సెలైను సీసాను. సూరాయమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ ఉండగా, ఆర్‌ఎంపీ డాక్టరు సోమలింగంగారి సంచిలో ఆ ఇంటికి వచ్చాను. ఆవిడ చెరగడం ఆపకుండానే "లోపల పడుకున్నారండి" అంది. ఆయన గోడకున్న క్యాలెండరు తీసి పక్కన పెట్టి, ఆ మేకుకు నన్ను తగిలించారు, తలకిందులుగా. మా జాతికి పని దొరకడమంటే తలకిందులు కావడమే.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. శుద్ధి చేసిన నీళ్లు అరలీటరు, అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. ఫ్యాక్టరీలో ఒకమ్మాయి నన్ను దీపానికి ఎదురుగా పట్టుకుని, లోపల నలుసేమైనా ఉందేమోనని చూసింది. అంత శ్రద్ధగా నా లోపలికి మళ్లీ ఎవరూ చూడలేదు. తర్వాత పట్నంలో ఒక మందుల కొట్టు. పక్క అరలో రింగర్ లాక్టేట్ అనే ఇంకోరకం సెలైను ఉండేది. "నెత్తురులో ఉండే ఉప్పులకు నీకన్నా నేనే దగ్గర చుట్టాన్ని" అని గొప్పలు పోయేది. నిజమే కనక నోరు మూసుకునేదాన్ని. వాంతులూ విరేచనాలతో సోలిపోయిన వాళ్ల కోసం మా వాళ్లను పరుగు పరుగున పట్టుకుపోయేవారు. అలా ఎంతమందినో నిలబెట్టిన వంశం మాది. నాకూ అటువంటి పనే పడుతుందని ఎదురుచూశాను.

నాకు గవర్రాజు పడ్డాడు.

సూరాయమ్మ భర్త గవర్రాజు పెళ్లిళ్ల వంటమాస్టరు. కాలవకు అటూ ఇటూ పది ఊళ్లలో అతని పనసపొట్టు కూర లేని పెళ్లి లేదు. ఎనిమిది వందల విస్తళ్లకైనా ఉప్పు చేత్తోనే వేస్తాడు, రుచి చూడడు. దేవుడికి పెట్టకముందు నాలిక మీద వేసుకోకూడదని నియమం. మర్నాడే పెద్ద పెళ్లి. మూడు రోజులుగా జ్వరం. రేపు గాడిపొయ్యి దగ్గర నిలబడకపోతే ముప్పై ఏళ్ల పేరు గంగలో కలుస్తుందని అతని భయం. అందుకే డాక్టరుగారికి నీరసమని మాత్రమే చెప్పాడు. ఎడమ కాలు దుప్పట్లోంచి బయటికి తియ్యలేదు.

"రెండు సీసాలెక్కించండి డాట్రుగారూ. రేపు పొద్దున్నకి గుర్రంలా లేవాలి నేను."

ఆ ఊళ్లో సెలైను ఎక్కించుకుంటున్న మనిషిని చూడ్డానికి రాకపోవడం మర్యాద కాదు. ముందుగా పక్కింటి వీరన్న వచ్చి, మనిషికన్నా ముందు నన్ను పరామర్శించాడు.

"ఎన్నెక్కిత్తన్నారేంటి?"

"రెండు."

"రెండేనా! మా బావమరిదికి మూడెక్కించారు."

గవర్రాజు ముఖం చిన్నబోయింది. "అయితే నాకూ మూడెట్టండి" అన్నాడు. డాక్టరుగారు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే, "ఈ చుక్కలు చూస్తా కూచుంటే తెల్లారిపోద్ది" అంటూ గొట్టానికున్న చక్రాన్ని తనే పూర్తిగా తిప్పేశాడు. నేను జలజలా దిగిపోతున్నాను. నాలో బలం ఉందని అతను నమ్ముతుంటే, లేదని చెప్పడానికి నాకు నోరు లేదు.

సరిగ్గా అప్పుడే హైమ వచ్చింది. గవర్రాజు అక్క కూతురు. పట్నం ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పెళ్లికని వచ్చి, మావయ్య పడుకున్నాడని తెలిసి ఇటు తిరిగింది. రాగానే చక్రం బిగించి, అతను ఎడమ కాలు దాచుకోవడం కనిపెట్టి దుప్పటి లాగేసింది.

కాలు చీలమండ దాకా ఎర్రగా వాచి ఉంది. వారం కిందట నూనె చింది లేచిన బొబ్బ చితికి చీము పట్టింది. పెరట్లోంచి వచ్చిన సోమలింగంగారు అది చూసి నిర్ఘాంతపోయారు.

"ఇది చెప్పలేదేంటి గవర్రాజుగారూ!"

"చెప్తే మీరు పొయ్యి దగ్గరికెళ్లనిత్తారా?"

"మావయ్యా, ఈ సీసాలో ఏవుందనుకుంటన్నావ్?" అంది హైమ.

"బలం."

"ఉప్పునీళ్లు."

వీరన్న నావైపు అనుమానంగా చూశాడు. బావమరిది పరువు కూడా పోయినట్టుంది.

"నీ కాలి దగ్గర తెల్లకణాలు క్రిములతో కొట్టుకుంటన్నాయి. నీళ్లూ ఉప్పూ పాళ్లు కుదిరుంటేనే వాటికి చేతులాడతాయి. అవసరం లేకుండా ఇది కుమ్మరిస్తే కొన్ని ఊరికే రెచ్చిపోతాయి, కొన్ని మందకొడిగా అయిపోతాయి. ఎంత పోస్తే ఎంత తేడా అని పెద్దపెద్ద డాక్టర్లు ఇంకా తేలుస్తానే ఉన్నారు. ఒక్క సీసాకి కొంపలేం మునగవులే. కానీ నువ్వు బానే తాగుతున్నావ్, తింటన్నావ్. నీకు కావల్సింది ఇది కాదు. పుండు కోసి శుభ్రం చెయ్యాలి, మందు పడాలి."

"సర్లేవే, నాకు పాఠాలు చెప్పకు."

"పోనీ ఇది చెప్పు. నీ పనసపొట్టులో ఉప్పు సరిగ్గా పడింది. ఎవడో వచ్చి ఇంకో గుప్పెడు వేశాడనుకో?"

"చెయ్యిరగ్గొడతాను!"

అనేసి గవర్రాజు ఆగిపోయాడు. మొదటిసారి నన్ను వంటవాడి కళ్లతో చూశాడు. సూది తీయించుకుని, గొట్టం చివర్న ఉన్న చుక్కను అరచేతిలోకి తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. రుచి చూడనివాడు నన్ను రుచి చూశాడు. ఇంతకన్నా గౌరవం మా వంశంలో ఎవరికీ దక్కి ఉండదు.

"ఛీ! చారుక్కూడా పనికిరాదు."

"మరి మూడు కావాలన్నావ్!" అన్నాడు వీరన్న. సోమలింగంగారితో సహా అందరూ నవ్వారు. గవర్రాజు కూడా నవ్వాడు కానీ, నవ్వు మధ్యలోనే కాలివైపు చూసుకున్నాడు.

"ఆస్పత్రికెళ్తానే హైమా. వెళ్తాను. రేపు ఎనిమిదొందల మందికి ఉప్పెవరేత్తారు చెప్పు? నా చెయ్యి ఎవరికొచ్చే? నా పక్కన ముప్పయ్యేళ్లు నిలబడి చూసినోళ్లెవరున్నారు?"

గుమ్మంలో నిలబడి ఉన్న సూరాయమ్మ, భర్త ముఖంలోకి ఒకసారి చూసింది. ప్రతి పెళ్లిలోనూ పనసకాయ కొట్టిందీ, ఆవ నూరిందీ, అతను ఉప్పు వేసేటప్పుడు పళ్లెం పట్టుకున్నదీ ఆవిడే. కొంగు నడుముకు బిగించింది. తలుపు వెనక నుంచి పెద్ద గరిటె తీసి భుజాన వేసుకుంది. గడప దాటి, పెళ్లివారింటి వైపు నడిచిపోయింది.