పదకొండు మొహాలు

భావనారాయణ ఎడమ అరచేతిలో తెల్లపొడి పోసుకుని, మధ్యలో వేలితో చిన్న గుంట చేసి, అందులో కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేశాడు. బొటనవేలితో మెదుపుతూ ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పిల్లాణ్ణి చూశాడు.

"నువ్వెవరు?"

"ప్రవీణ్ కుమార్."

"కాదు. నువ్వెవరు?"

పిల్లాడు నాలిక కరుచుకున్నాడు. "పిల్లిని, తాతా."

"ఊఁ, కళ్ళు మూసుకో పిల్లీ."

అది ఆయన పద్ధతి. మొహాన మొదటి గీత పడ్డాక మళ్ళీ తుడిచేదాకా పిల్లలని సొంత పేర్లతో పిలవడు. నాంపల్లిలో చర్చి వెనక హాలుని ఆనుకుని ఉన్న ఆ ఇరుకు గదిలో, బీటవారిన అద్దం ముందు, మూడేళ్ళుగా డోర్కాస్ ఆడించే పిల్లల నాటకాలకి ఆయనే రంగు వేస్తున్నాడు. ఆమె చదివేది బి.కాం. ఆఖరి ఏడు. ప్రాణం మాత్రం ఈ గదిలో ఉంటుంది.

"తాతా, జర జల్దీ కానియ్యండి. మూడైంది. నాలుగింటికి తెర తియ్యాలె," అంది డోర్కాస్. ఆమె గొంతులో విసుగు దాగలేదు. ఆయన ఎన్నడూ లేనిది గంట ఆలస్యంగా వచ్చాడు. మంచి కొబ్బరినూనె కోసం బేగం బజారుకి వెళ్ళి, అక్కణ్ణించి నడిచే వచ్చాడట. డిసెంబరు చలిలో చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"కంగారుపడితే మీసం వంకరవుద్దమ్మా. పిల్లి కాస్తా నక్కవుద్ది," అన్నాడు. గుండెల మధ్య పిడికిలితో రాసుకుని, "పాడు గ్యాసు," అనుకున్నాడు. డోర్కాస్ ఆ మాట విన్నది, వెంటనే మరిచిపోయింది.

డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్ళ కిందట తెనాలి వైపు నుంచి ఒక నాటకాల కంపెనీతో వచ్చాడు. కంపెనీ ఈ నాంపల్లి స్టేషన్లోనే మునిగింది. యజమాని చెప్పాపెట్టకుండా రైలెక్కేశాడు. భావనారాయణ రంగులపెట్టెతో ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయాడు. తరవాత నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్లో కుదిరాడు. ఆబిడ్స్ చుట్టుపక్కల బళ్ళలో వార్షికోత్సవాలకి ఆయన అంటించిన మీసాలతో రాజ్యాలేలిన పిల్లలు ఇప్పుడు కోర్టుల్లో, బ్యాంకుల్లో పనిచేస్తున్నారు. ఆయన పేరు వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. తాను రంగు వేసిన నాటకం ఆయన ఒక్కటీ చూడలేదు. తెర లేచాక ఈ గదిలోనే కూర్చుని కుంచెలు కడుక్కుంటాడు, జనం నవ్వులు వింటాడు.

ఆయనకి ఇంకో నియమం ఉంది. వేషం వేసిన చెయ్యే వేషం తియ్యాలి. మొదటి ఏడు డోర్కాస్‌కి అది తెలియక, అమ్మలకి చూపించుకుంటారు కదా అని ఒక పిల్లని రంగుతోనే ఇంటికి పంపించింది. ఈయన నూనెసీసా పట్టుకుని బస్సులో చాదర్‌ఘాట్ వెళ్ళి, ఆ ఇల్లు వెతికి, నిద్రపోతున్న పిల్లని లేపించి మరీ తుడిచి వచ్చాడు. మర్నాడు డోర్కాస్ నవ్వబోతే, "నవ్వకమ్మా. వేషంలోకి పంపించినవాళ్ళం వెనక్కి పిలవకపోతే ఆ పిల్ల ఎట్టా వస్తది?" అన్నాడు. అప్పటినుంచి ఆమె నాటకం అంటే వేదిక మీద జరిగేది ఒక్కటే అనుకోలేదు.

ఈ ఏటి నాటకం ఆమె రాసిందే. మొజంజాహీ మార్కెట్ గడియారం ఆగిపోతుంది. మనుషులకి టైము తెలియక ఇళ్ళల్లోనే ఉండిపోతారు. పావురాలూ పిల్లులూ మార్కెట్ నడుపుతాయి. గడియారం వేషం ఏడేళ్ళ స్టెఫీది. ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడాలి. రిహార్సల్లో ఈగ వాలినా చెయ్యెత్తలేదు. అడిగితే, "గడియారానికి దురద పెట్టదు కదక్కా," అంది.  క్లాసులో చదివే ఏ లెక్కా డోర్కాస్‌కి ఆ మాటంత నిజమనిపించలేదు.

కానీ ఇదే చివరి నాటకం. దవాఖానలో కాంపౌండరుగా చేసే నాన్న ఆనంద్ పాల్ తేల్చి చెప్పేశాడు. సోమవారం నుంచి ఆబిడ్స్‌లో బ్యాంకు పరీక్షల కోచింగు. ఆమె సరేనంది. ఆ సంగతి భావనారాయణకి చెప్పడానికే వారం రోజులుగా నోరు పెగలడం లేదు.

"గడియారానికి మొహం వెయ్యడం నా జన్మలో ఇదే మొదలు," అంటూ ఆయన స్టెఫీ బుగ్గ మీద అంకెలు దిద్దాడు.  ఏడు కొంచెం జారింది. "వచ్చే ఏడు ఏనుగుని పెట్టమ్మా. ఏనుగు వేసి చాలా కాలమైంది."

"తాతా, మీకొకటి చెప్పాలె."

"అయ్యాక చెప్దువుగానిలే. తుడిచేటప్పుడు తీరిగ్గా కూర్చుంటాంగా."

నాటకం బాగా జరిగింది. ప్రవీణ్ మాట మరిచిపోయి బదులుగా మ్యావ్ అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు గోడ అవతల ముసలాయన విని ఉంటాడని డోర్కాస్ పక్కతెర చాటున నిలబడి సంబరపడింది. చప్పట్లయ్యాక పదకొండు మందినీ తోలుకుని గదిలోకి పరిగెత్తింది.

భావనారాయణ గోడకి తల ఆనించి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుంచెలు కడిగి వరసగా ఆరబెట్టి ఉన్నాయి. భుజాన తుడిచే గుడ్డ, ఒళ్ళో మూత తీసిన నూనెసీసా. స్టెఫీ అలవాటుగా స్టూలెక్కి, మొహం పైకెత్తి కళ్ళు మూసుకుంది.

"తాతా, తుడువు."

కాసేపు చూసి మళ్ళీ అంది. డోర్కాస్ వెళ్ళి ఆయన చెయ్యి ముట్టుకుంది. తెల్లరంగు ఎండిన ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఆనంద్ పాల్ హాల్లోంచి వచ్చి నాడి చూశాడు. కూతురు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇద్దరు మనుషులు సాయం పట్టి ఆయన్ని పక్కగదిలో బల్ల మీద పడుకోబెట్టారు. వార్త పాకేసరికి తల్లులు పిల్లల చేతులు పట్టుకున్నారు.

"ఇంట్ల కడుగుకుంటరు తియ్ డోర్కాస్. పొద్దుపోతున్నది," అంది స్టెఫీ తల్లి.

డోర్కాస్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మొహం తుడిచేదాంక ఎవ్వరు పోవద్దాంటీ. మీకు దండం పెడుత."

ఆయన కుర్చీలో కూర్చుంది. గుడ్డ మీద నూనె పోసుకుంది. ముందు నుదురు, తరవాత బుగ్గలు, కళ్ళు చివర. ఆయన చేసే వరసే. తుడిచాక ఆయన అనే మాటే అంది. "నువ్వు ప్రవీణ్ కుమార్‌వి. ఇంటికి పో." నాలుగో పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాట సరిగా రాలేదు. అయినా పేరు పెట్టి పిలిచే పంపింది. పదకొండో మొహం స్టెఫీది. జారిన ఏడు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"తాత మొహం ఎవరు తుడుస్తరక్కా?" అంది స్టెఫీ.

ఆయన మొహాన ఏ రంగూ లేదని చెప్పలేక డోర్కాస్ ఏడ్చింది. గుమ్మం దగ్గర ఆనంద్ పాల్ చేతులు కట్టుకుని అంతా చూస్తూ నిలబడ్డాడు. 

భావనారాయణ భార్య వసుమతి ఆటోలో వచ్చింది. ఆయన పక్కన చాలాసేపు కూర్చుంది. లేచి, డోర్కాస్‌ని మొదట అడిగింది ఇదే.

"పిల్లలకి రంగు ఆయనే తీశారా అమ్మా?"

"లేదమ్మా. నాటకం అయ్యేసరికే తాత పోయిండు. నేను తీసిన. అందరికి తీసిన."

ఆమె తల పంకించింది. రంగులపెట్టె చంకన పెట్టుకుంది. గుడ్డ మాత్రం తీసుకోలేదు. "ఇది నీ దగ్గరే ఉండనీ. వచ్చే ఏడు అక్కరకొస్తది."

ఆమెకీ చెప్పలేకపోయింది డోర్కాస్.

సోమవారం పొద్దున కోచింగు సెంటర్లో మూడో వరసలో కూర్చుని ఆమె చక్రవడ్డీ లెక్కలు రాసుకుంది. ఇంట్లో, తలుపు వెనక మేకుకి, ఉతకని ఆ గుడ్డ వేలాడుతూ ఉంది. పైన పావురాల బూడిదరంగు, కింద పిల్లి పసుపు, ఒక మూల నూనెలో చెదిరిన నల్లటి అంకె, ఏడు.