చెవిలో ఇల్లాలు

గ్రైండరు మోటారు తిరుగుతూనే ఉంది, రాళ్ళు మాత్రం మినప్పిండిలో కదలకుండా కూర్చున్నాయి. యమున స్విచ్చి ఆపి, డ్రమ్ము దించి, గ్రైండరును పక్కకి పడుకోబెట్టి అడుగు మూత విప్పింది. అనుకున్నదే. బెల్టు జారుతోంది.

"పిండి రుబ్బమంటే దాని పేగులు తీసి కూసున్నావేటే?" అంది అత్త గున్నమ్మ గుమ్మంలో నిలబడి. "పదకొండింటికి ఆ కంపెనీ ఆయన వస్తాడు. గారెలెప్పుడు వండుతావు, అల్లం సట్నీ ఎప్పుడు సేస్తావు?"

"బెల్టు జారతంది అత్తా. రెండు నిమిషాల్లో అయిపోతాది."

"ఆడదానివి, నీకెందుకే బెల్టుల గొడవ? మావోడికి సెప్తే సిటికెలో సేసి పడేస్తాడు కదా."

మీవాడా! యమునకి నవ్వొచ్చింది. మీవాడికి స్క్రూడ్రైవరు పట్టుకుని ఫోటో దిగడం వచ్చు. దాంతో స్క్రూ తిప్పవచ్చన్న సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. ఈ మాట పైకి అనదు. అనకుండా మింగి మింగి పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది.

గున్నమ్మ పరాయిదేమీ కాదు, యమున తండ్రికి స్వయానా చెల్లెలు. మేనరికం. మేనరికంలో ఉన్న సుఖం ఏమిటంటే చాకిరీకి పేరుండదు. "మా అన్న కూతురే కదా, ఇంట్లో పిల్లే" అంటారు. ఇంట్లో పిల్ల కాబట్టి తెల్లారి లేస్తుంది, ఇంట్లో పిల్ల కాబట్టి ఆఖర్న తింటుంది. పెళ్ళికి ముందు యమున ఓ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేది. రోజూ గజపతినగరం దాకా బస్సులో వెళ్ళొచ్చేది. "ఇంటి ముందు కార్ల షెడ్డెట్టుకుని, నువ్వు ఊళ్ళోళ్ళ పిల్లలకి పాఠాలు సెప్పడమేటి?" అన్నాడు బావ ధనరాజ్. అప్పట్లో ఆ మాటలో ప్రేమ ఉందనుకుంది. ఎంత వెర్రిదో.

ఆ షెడ్డు విజయనగరంలో, ఇంటికి ముందు వైపే ఉంది. మూడేళ్ళ కిందట ధనరాజ్ విశాఖపట్నం వెళ్ళి ఒక పాత జపాను స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎర్రటిది, రెండే తలుపులు. తెచ్చిన రోజున దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి, "దీనికి సూపర్‌ఛార్జరెడితే ఎలాగుంటాది?" అన్నాడు. ఆ సూపర్‌ఛార్జరు డిజైనులో ఆయన పాలు మొత్తం ఆ ఒక్క ప్రశ్నే.

మిగతాదంతా యమున చేసింది. సూపర్‌ఛార్జరంటే బ్రహ్మవిద్య కాదు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, ఇంజను బెల్టుతోనే తిరిగే ఒక పంపు బిగించి, గాలిని బలవంతంగా లోపలికి తోయిస్తారు. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి, వేడి తగ్గాలి, లేకపోతే ఇంజను పగులుతుంది. మామూలుగా కొత్త కారుతోపాటు అలాంటివి రావు, ఇలా తర్వాత ఎవరో తయారుచేసి అమర్చాల్సిందే. ఆ తయారుచేసే ఎవరో వంటింట్లో ఉంది. బానెట్ కింద జానెడు చోటు కొలిచింది, బ్రాకెట్లు గీసింది, లేతు మెషీను వాళ్ళతో తగువులాడి కప్పీలు కోయించింది, ఎంత గాలికి ఎంత పెట్రోలో గడులు గడులుగా లాప్‌టాప్‌లో నింపింది. ఇవన్నీ పప్పు కుక్కరుకీ కూర తాలింపుకీ మధ్య. పంపు కొత్తలో బాగానే తిరిగింది, కానీ ఇంజను వేగం అందుకున్నాక గాలి ఒత్తిడి ఢామ్మని పడిపోయేది. "నీ లెక్కలే తప్పు" అని ధనరాజ్ నాలుగు నెలలు సాధించాడు. "కాలేజీ సదువులు కాగితాలకే పనికొస్తాయే" అన్నాడు.

అప్పుడు ఈ గ్రైండరే దారి చూపింది. పిండి బిగుసుకుంటే బెల్టు జారడం చూసి, తండ్రి మాట గుర్తొచ్చింది. తండ్రి జగన్నాధం నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు. పోయి నాలుగేళ్ళయింది. చిన్నప్పుడు యమునని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని మిల్లు గేటు దాకా తీసుకెళ్ళేవాడు, అన్నం కారియరు మోసుకుంటూ ఆ పిల్ల అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. "బెల్టు బిగిస్తే పట్టు రాదమ్మా. కప్పీని ఎంత మేర సుట్టుకుంటే అంత పట్టు వస్తాది" అనేవాడు. సూపర్‌ఛార్జరు కప్పీ చిన్నది, బెల్టు దాన్ని సగమైనా చుట్టుకోవడం లేదు. యమున పక్కన ఇంకో ఉత్త కప్పీ పెట్టి, బెల్టును వంచి చుట్టించింది. మర్నాడు ఒత్తిడి పడితే ఒట్టు.

ఆ సాయంత్రమే ధనరాజ్ నల్ల టీషర్టు తొడుక్కుని యూట్యూబు వీడియో తీశాడు. "మిత్రులారా! ఆరు నెలలు నిద్రాహారాలు మాని నేను కనిపెట్టాను." నిద్రాహారాలు మానడమట! ఆ ఆరు నెలల్లో ఆయన మధ్యాహ్నం నిద్ర ఒక్క పూట తప్పింది లేదు. ఆ ఆహారం వండింది ఎవరో యమునకి బాగా తెలుసు.

అక్కణ్ణించి మొదలయింది చెవి భాగోతం. వీడియోలో ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేందుకు ఆయన బుర్రలో సరుకు లేదు. మొదట యమున కెమెరా వెనక నిలబడి అందించేది. తర్వాత ఆయన చెవిలో ఒక ఇయర్‌బడ్ దూర్చుకుని, ఫోను కలిపి ఉంచి, "నువ్వు వంటింట్లోంచి సెప్తుండు, నేను అంటుంటాను" అన్నాడు. అది కనబడకుండా జుట్టు చెవుల మీదికి పెంచాడు. జనం దాన్ని స్టైలన్నారు. ఆమె చెప్పే వరకూ "ఊఁ..." అంటూ గడ్డం నిమురుతాడు. జనం దాన్ని లోతైన ఆలోచనన్నారు. ఇంట్లో "ఏటి" అనే మనిషి కెమెరా ముందు "ఏమిటంటే" అంటాడు, ఎందుకంటే అది యమున పాఠాల తెలుగు. ఓసారి లైవులో ఆమె నోరు జారి "అయ్యో, పాలు పొంగుతున్నాయి" అంటే, ఆయన అరక్షణం ఆలోచించకుండా "అయ్యో, పాలు పొంగుతున్నాయి" అనేశాడు. సార్ వేడి గురించి భలే ఉపమానం చెప్పారని కింద నలభై మంది రాశారు.

యమున ఆయన కోసం ఆయన లాగే మాట్లాడటం నేర్చుకుంది. కొన్ని మాటలు మార్చాలి. 'మా నాన్న' అనబోయి 'మా మావ' అనాలి. 'మా అత్త' అనబోయి 'మా అమ్మ' అనాలి. కానీ అసలు మాట మార్చనక్కర్లేదు. 'చేశాను'. తెలుగులో ఆ మాటకి ఆడా మగా లేదు. ఆమె నోట్లో ఉన్నంతసేపూ అది నిజం, ఆయన నోట్లోకి వెళ్ళగానే అబద్ధం. ఒక్క అక్షరం కూడా మారదు. దొంగతనం ఇంత శుభ్రంగా చేయవచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ వీడియోలు చూసి తమిళనాడులో హోసూరు నుంచి ఒక కార్ల విడిభాగాల కంపెనీ ఆ డిజైను కొంటామంది. నిన్న పొద్దున కాఫీ అందిస్తుంటే ధనరాజ్ అన్నాడు: "ఒసే, ఆ డ్రాయింగుల మూల నీ పేరుందేటి? తీసేయ్. కంపెనీ ఆయన సూస్తే నవ్వుతాడు."

"ఎందుకు నవ్వుతాడు బావా?"

"పెళ్ళాం పేరెట్టుకున్నానని నవ్వడా? సంతకాలయితే ఏడాది హోసూరులో ఉండాలి. డిజైనరు పక్కనుండి తయారీ సూసుకోవాలంట. నువ్వూ వద్దువుగాని. క్వార్టర్సిస్తారు, మంచి వంటిల్లుంటాది. నీకేటి, ఫోనుంటే సాలు."

యమున లాప్‌టాప్‌లో డ్రాయింగులు తెరిచింది. పద్దెనిమిది షీట్లు. ప్రతి దాని మూలా 'గీసినది: యమున' అని ఉంది. డిలీట్ మీట మీద వేలు పెట్టి కూర్చుంది గానీ తీసేయలేదు. రేపు సంతకమైతే ఇక ఈ కారు గుండెకాయ ధనరాజ్ చేసిందే, లోకం ఉన్నన్నాళ్ళూ అంతే. తను హోసూరులో ఇంకో పొయ్యి ముందు నిలబడి ఫోనులో గుసగుసలాడుతూ ఉంటుంది.

కంపెనీ తరఫున వచ్చిన తిరుమలరావుకి యాభై ఏళ్ళుంటాయి. వరండాలో కుర్చీ వేశారు. వెనక గోడ మీద దండ వేసిన మావయ్య ఫోటో, దాని కింద ఆయన నడిపిన స్పేర్ పార్ట్స్ షాపు పేరు. యమున వంటింట్లో గారెలు వేస్తూ, ఫోను పోపుల డబ్బా పక్కన పెట్టుకుని, చెవుల్లో వైర్లతో వింటోంది.

"మాది నెల్లిమర్లేనండి," అంటున్నాడు తిరుమలరావు. "మా నాన్న మిల్లులో నేత పని చేసేవారు. ఊరొదిలి పాతికేళ్ళయింది."

"అలాగా సార్, సంతోషం," అన్నాడు ధనరాజ్. అంతే. మిల్లు ఫిట్టరు అల్లుణ్ణని చెప్పుకోవడం ఆయనకి నామోషీ.

తిరుమలరావు పని తెలిసిన మనిషి. కారు తిప్పి చూశాడు, బానెట్ ఎత్తి వంగి చూశాడు, తిరిగి వరండాలో కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఈ బైపాస్ వాల్వు ఎందుకన్నాడు. "యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే తోసిన గాలికి దారి లేక వెనక్కి తంతుంది. అది చుట్టు తిరిగి పోవడానికి దారి ఇచ్చాను" అంది యమున గారె తిప్పుతూ. అదే మాట వరండాలోంచి గంభీరంగా వినిపించింది.

"బాగుంది. మీ టీంలో ఎంతమంది?"

దీనికి ధనరాజ్ చెవి సాయం అడగలేదు. తనంతట తనే చెప్పాడు. "టీమంటే ఏటుంది సార్? ఒకరున్నారు, సిన్నా సితకా పనులకి."

యమున చేతిలో గరిటె ఆగింది. సరిగ్గా అప్పుడే గున్నమ్మ గారెల పళ్ళెం అందుకుంటూ "టీ పెట్టావేటే?" అని అడిగి వరండాలోకి వెళ్ళింది. టీకీ టీంకీ మధ్య తేడా ఒక సున్నా. ఆ సున్నా తనే. యమునకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పాత గుడ్డతో నూనె జిడ్డు తుడిచి పారేస్తామే, అంత అసహ్యం వేసింది. ఇన్నాళ్ళూ భయపడింది ఈ మనిషికా? తన మాట అందకపోతే కారు బానెట్ ఎటు తెరుచుకుంటుందో చెప్పలేని మనిషికి?

"ఒక్క సంగతి అడగాలి," అంటున్నాడు తిరుమలరావు. "బెల్టు జారుతోందంటే మావాళ్ళంతా బెల్టు వెడల్పు పెంచమంటారు. మీరు పక్కన ఈ కప్పీ పెట్టి చుట్టించారు. ఈ ఆలోచన మీకెలా వచ్చింది?"

"ఊఁ..." అన్నాడు ధనరాజ్.

యమున కాగుతున్న నూనెలోకి ఇంకో గారె వదిలింది.

"ఊఁ..." అన్నాడు మళ్ళీ, కాస్త గట్టిగా. గడ్డం నిమురుకుంటూ ఉంటాడు.

'మా మావ' అని మార్చాలి. రెండేళ్ళుగా మారుస్తూనే ఉంది. ఇవాళ మార్చలేదు.

"మా నాన్న నేర్పారు," అంది ఫోనులో, స్పష్టంగా, పాఠం చెప్పినట్టు.

"మా నాన్న నేర్పారు సార్," అన్నాడు ధనరాజ్, హమ్మయ్య అన్నట్టు.

"ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు."

"ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు సార్."

"పేరు జగన్నాధం."

"పేరు జగన్నాధం సార్."

వరండాలో పళ్ళెం కిందపడ్డ చప్పుడు. "ఓరి నీ నోరు పడిపోనూ!" గున్నమ్మ కేక ఇల్లంతా మోగింది. "జగన్నాధం మీ నాన్నేటిరా? ఆడు మా అన్నరా! మీ నాన్న అదిగో, గోడ మీదున్నాడు!"

తర్వాత తిరుమలరావు గొంతు నెమ్మదిగా వినిపించింది. "ఫిట్టర్ జగన్నాధం గారు నాకు బాగా తెలుసండి. ఆయనకి కొడుకులు లేరే. ఒక్కతే కూతురు. అన్నం కారియరు పట్టుకుని సైకిలు మీద ముందు కూర్చునేది."

ధనరాజ్ జుట్టులోకి చెయ్యి దూర్చి చెవి నొక్కుకున్నాడు. "ఒసే యమునా," అన్నాడు, ఎదుట మనిషున్నాడన్న స్పృహ కూడా లేకుండా, "ఇప్పుడేటి సెప్పమంటావే?"

యమున ఫోను కట్టేసింది. పొయ్యి ఆపింది. చెవుల్లో వైర్లు తీసి పోపుల డబ్బా మీద పెట్టి, చేతులు కడుక్కుని, టీ కప్పులు అక్కడే వదిలేసి, లాప్‌టాప్ తీసుకుని వరండాలోకి వచ్చింది. తిరుమలరావు ముందు మొదటి డ్రాయింగు తెరిచి పెట్టింది. మూల పేరు అలాగే ఉంది.

"ఆ కూతుర్ని నేనేనండి," అంది. "ఇది నేను చేశాను."

తిరుమలరావు కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నాడు.

ధనరాజ్ నోరు, రెండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా, ఆమె మాట ఆగగానే దానంతటదే తెరుచుకుంది. "ఇది నేను..." అంది ఆ నోరు. తర్వాతి మాట కోసం అది అలాగే తెరుచుకుని ఉండిపోయింది.