కస్టమర్ గడి

ఆ ఆఫీసుకు పది కంపెనీల కస్టమర్ల ఫోన్లు వస్తాయి. జవాబు చెప్పే అమ్మాయిలూ అబ్బాయిలూ కింది అంతస్తులో కూర్చుంటారు. వాళ్ళ మాటల రికార్డులు విని మార్కు వేసేవాళ్ళు ఆరుగురు, పై అంతస్తులో. ఆ ఆరుగురిలో ఒకామె చెవి బాగా పదునైనది, అందుకే ఆమెను అందరూ చెవులక్క అనేవారు. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

మార్కు వేయడానికి ఇంగ్లిషు మాటల జాబితా ఒకటుంది. ఎవరో పనీపాటా లేని మహానుభావుడు తీరుబడిగా తయారుచేసి ఉంటాడు. మనిషి చెడ్డగా మాట్లాడటంలో ఇన్ని రకాలున్నాయని చేరిన కొత్తలో చెవులక్కకు తెలియదు. అందుకని ఒక్కో మాట పక్కన పెన్సిలుతో తెలుగు రాసి ఆ కాగితాన్ని బల్లకు అంటించుకుంది. కర్ట్ అంటే ముక్తసరి. సర్లీ అంటే ముఖం ముడుచుకుని మాట్లాడటం. రూడ్ అంటే మొరటు. ఇన్‌సొలెంట్ అంటే తలపొగరు. కర్ట్ పడితే మందలింపుతో సరి. ఇన్‌సొలెంట్ పడిందంటే మాత్రం ఆ సాయంత్రమే హెడ్‌ఫోనూ గుర్తింపు కార్డూ అప్పగించి ఇంటిదారి పట్టాలి.

జాబితా అడుగున ఇంకో గడి ఉంది, కస్టమర్ తీరు అని. అందులోనూ మాటలు లేకపోలేదు. వెటకారానికి సార్కాస్టిక్, తిట్లకు అబ్యూజివ్, కక్షకు స్పైట్‌ఫుల్, ఇంకా మీన్. కానీ కస్టమరు ఎంత నోరు పారేసుకున్నా అక్కడ పొలైట్ అని ముందే పడి ఉంటుంది. చెవులక్క చేరిన ఈ ఏడేళ్ళలో దాన్ని మార్చినవాళ్ళు లేరు.

ఆరోజు నాలుగింటికి సమావేశం. టీమ్ లీడర్‌కు మాటకోసారి గోడమీద టైము చూసే అలవాటు, అందుకే గడియారం అని పేరు. పెద్ద తప్పు అనిపించిన కాల్‌ను ఆయన ఆరుగురికీ వినిపించి చేతులెత్తిస్తాడు. నాలుగు చేతులు లేస్తే తీర్పు అయిపోయినట్టే. ఆవేళ విచారణ కింది అంతస్తులోని ఒక కొత్తమ్మాయిది. చేరి మూడు నెలలు కూడా కాలేదు.

"చివరిమాట వినండి, మీకే తెలుస్తుంది," అని గడియారం మీట నొక్కాడు.

"నమస్తే సార్, చెప్పండి."

"నమస్తే తల్లీ. మా వాషింగ్ మెషీన్ తిరగడం లేదు."

చెవులక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. మెత్తటి గొంతు, తొందరలేని గొంతు. పన్నెండేళ్ళుగా పొద్దునా సాయంత్రం వింటున్న గొంతు. మెషీన్ సంగతి ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. మూడు రోజులుగా బట్టలు చేత్తో ఉతుకుతున్నది ఆమే.

"మోడల్ నంబర్ చెప్తారా సార్?"

"చెప్తారా ఏంటి తల్లీ? దయచేసి చెప్పండి అనాలి. మళ్ళీ చెప్పు, సరిగ్గా."

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది.

"ఊహూ. నీళ్ళు నమలకుండా. మళ్ళీ."

మూడోసారి కూడా చెప్పింది.

"ఎంతదాకా చదివావు తల్లీ? అదీ పాసయ్యావా, పోనీలే పాపమని పంపేశారా? అయ్యో, ఏడుపొస్తోందా? నేనేమన్నానని! సరదాకి అన్నా."

అలా పదకొండు నిమిషాలు. మెషీన్ ఊసు ఎప్పుడో పోయింది. ఆఖరికి కొత్తమ్మాయి గొంతు ఆగి, వణికి, నిలదొక్కుకుంది.

"మీ ఇంట్లో వాళ్ళు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారండీ?"

అక్కడితో రికార్డు అయిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"విన్నారుగా! ఆయన ఒక్కసారైనా గొంతు పెంచాడా? తల్లీ తల్లీ అంటుంటే ఈ పిల్ల ఇంట్లో వాళ్ళ దాకా పోయింది," అన్నాడు గడియారం. "ఇన్‌సొలెంట్. ఎత్తండి చేతులు."

అందరికంటే ముందు కత్తెర చెయ్యి లేచింది. ఆవిడ చేతిలో పడి బతికి బయటపడినవాళ్ళు తక్కువ, పేరు ఊరికే రాలేదు. తర్వాత ఇంకో రెండు చేతులు లేచాయి.

"మూడు. మీరేమంటారు చెవులక్కా?"

చెయ్యెత్తితే అయిపోతుంది. ఆ గొంతు ఎవరిదో ఈ గదిలో ఎవరికీ తెలియదు, ఇక తెలియనూ తెలియదు. మా ఆయన మహా సరదా మనిషి అని భోజనాల దగ్గర వీళ్ళకే ఎన్నిసార్లు చెప్పిందో! అదృష్టవంతురాలివే అని కత్తెర ఎన్నిసార్లు అందో! ఇంటికొచ్చిన వాళ్ళ ముందు ఆయన మళ్ళీ చెప్పు అంటే ఆమె మళ్ళీ చెప్పేది, అందరితోపాటు నవ్వేది. తొమ్మిదేళ్ళ కూతురు ఈమధ్య నాన్నను ఏదీ అడగడం లేదు. కావలసినవి కాగితం మీద రాసి అమ్మకు ఇస్తోంది. పిల్ల సిగ్గరి అని సరిపెట్టుకుంది తల్లి. ఇంత పదునైన చెవి పెట్టుకుని ఇంట్లో మాత్రం చెవిటిదైపోయింది. ఆ సంగతి తట్టేసరికి ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"కర్ట్," అంది.

"కర్టా?"

"పదకొండు నిమిషాలు పడి, ఒక్క మాట అంది. అదీ ముక్తసరిగా. కస్టమర్ గడి తెరవండి సార్."

"అది ఎవరూ తెరవరు కదా!"

"ఇవాళ తెరుద్దాం. మీన్ అని పెట్టండి."

"మీన్ అంటే?" అంది కత్తెర.

"ఎదుటివాళ్ళను చిన్నబుచ్చితే గాని తిన్నది అరగని బుద్ధి."

గడియారం గోడవైపు చూశాడు. "ఒక్క కాల్ విని మనిషి బుద్ధి తేల్చేస్తామా అండీ? పాపం, సరదా మనిషిలా ఉన్నాడు."

"ఒక్క కాల్ కాదు సార్, పన్నెండేళ్ళు విన్నాను. ఆ గొంతు మా ఆయనది."

చెవులక్కకు చెంపలు మండిపోతున్నాయి. బల్ల కింద రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అయితే..." గడియారం గొంతు సవరించుకున్నాడు. "తెలిసినవాళ్ళ కాల్‌కి మీరు మార్కు వేయకూడదు. రూలు."

"వేయను. కానీ ఆ పిల్ల అడిగింది ఆ ఇంట్లో వాళ్ళ గురించి. ఆ ఇంటిదాన్ని నేను. నాకది పొగరుగా వినపడలేదు సార్. ఇన్నాళ్ళకి ఒకళ్ళు అడిగారనిపించింది."

కత్తెర చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆవిడ దాన్ని చూసుకుని నెమ్మదిగా దించింది.

"నాది కర్ట్ అని రాసుకోండి," అంది.

మిగిలిన రెండు చేతులూ దిగాయి. గడియారం కొత్తమ్మాయి పేరు ఎదురుగా కర్ట్ అని పెట్టాడు. కాసేపు తటపటాయించి కింది గడి కూడా తెరిచాడు.

చెవులక్క వరండాలోకి వచ్చేసరికి సంచిలో ఫోను మోగుతోంది.

"మెషీన్ వాడు ఇంకా రాలేదు," అన్నాడు ఆయన మెత్తగా. "వచ్చేటప్పుడు సబ్బులు తే."

"తెస్తాను."

"ఏంటి? గొంతు అలా ఉందేం? మళ్ళీ చెప్పు, సరిగ్గా."

"ఒకసారి చెప్పాను," అంది.

ఆయన ఎదురు చూస్తున్నాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకునే మెట్లు దిగసాగింది. రెండోసారి చెప్పలేదు.