శౌరయ్య నాలుక

నేలలోంచి మట్టి తీసే బర్మా పిడిని రెండు చేతులా పట్టి, నడుము వంచి, శౌరయ్య మరో చుట్టు తిప్పాడు. ఇనుము మూరెడు లోతుకు దిగింది. పైకి లాగి, మొనకు అంటిన నల్లమట్టి చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఉమ్మేశాడు.

“చప్పగానే ఉందండీ.”

సర్వే చేసే అఫ్రాజ్ సారు, ఉప్పు లేదన్న గుర్తుగా మ్యాపులో ఆ పొలం మీద పచ్చ చుక్క పెట్టాడు. దివిసీమలో నేలకింద ఉప్పు ఎంత పైకి వచ్చిందో గీయడం వాళ్ల పని. మీటరు రిపేరుకు పోయి మూడు నెలలైంది. అప్పటినుంచి శౌరయ్య నాలుకే మీటరు. ఇరవై రెండేళ్లుగా దినకూలీ. ఇప్పుడు ఆ నాలుక కోసమే ఉంచుకున్నారు.

క్రిస్మస్‌కి ముందు వచ్చిన జ్వరంలో నాలుక చచ్చిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపట్నుంచి రావద్దంటారు. కళ్లతో నెట్టుకొస్తున్నాడు. ఇసుక మెరకైతే చప్పన, ఉప్పునేలలో పెరిగే ఇలవకూర మొలిచిన పల్లమైతే ఉప్పన. ఈ పొలం మెరకా కాదు, పల్లమూ కాదు. నిన్ననే దున్నారు. చూద్దామంటే గడ్డిపరక లేదు.

గట్టున అరటి పిలకలు పేర్చుకుని ఆ మాట కోసమే కూర్చున్న రైతు బసవపున్నయ్య పార అందుకున్నాడు.

“నీ నోటి చలవ, శౌరయ్యా.”

తుమ్మ నీడలో క్యారేజీలు విప్పారు. శౌరయ్య సగం అన్నం తినేశాడు. సారు ఎప్పటిలాగే అతని గిన్నెలోంచి కాస్త పప్పు వేసుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

“మీ ఆవిడ ఉప్పు మర్చిపోయినట్టున్నారండీ.”

తెరేసమ్మ ముప్పై ఏళ్ల కాపురంలో ఉప్పు మరిచిన మనిషి కాదు. పొద్దున క్యారేజీ అందిస్తూ తన మొహంలోకి అంతసేపు ఎందుకు చూసిందో శౌరయ్యకు ఇప్పుడు తెలిసింది. చేతిలో ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేశాడు.

సారు సగమైన గిన్నె చూశాడు. తర్వాత మ్యాపు చూశాడు. పచ్చ చుక్కలు వందకు పైనే.

“ఎన్నాళ్లనించి?”

“క్రిస్మస్ నించండీ.”

సారు తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎంగిలి చేత్తోనే లేచి, పొలంలోకి పరుగెత్తాడు. అప్పటికే బసవపున్నయ్య రెండు వరసలు పాతేశాడు.

శౌరయ్య గిన్నెకు మూత పెట్టాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బర్మా తుడిచి నూనె రాయనిదే ఏనాడూ కదలని మనిషి, దాని వంక చూడకుండా కాలవగట్టు ఎక్కి బస్సురోడ్డు వైపు నడిచాడు. ఎవరూ పిలవలేదు.

గట్టుకు ఆనించిన బర్మా మొన మీద నల్లమట్టి ఎండకు ఆరుతూ, అంచుల నుంచి తెల్లగా ఉప్పు తేలుతోంది.