చిల్లుల దిమ్మ

మా ఫ్యాక్టరీకి వచ్చే సరుకును తనిఖీ చేసేది మా అక్క భర్త. నా ఖర్మ కొద్దీ నేను ఇంజినీరుగా పనిచేసేదీ అక్కడే.

ప్రెస్సు యంత్రంలో నూనె ఊరికే కాగిపోతోంది. దాన్ని చల్లబరిచే కూలర్‌కి నేనో ఉపాయం ఆలోచించాను. నీళ్ళు పారే గొట్టంలో, స్పాంజిలా నిండా చిల్లులున్న అల్యూమినియం దిమ్మ పెడితే, నీళ్ళు ప్రతి చిల్లులోంచీ దూరి వేడినంతా లాక్కుపోతాయి. దీనికోసం ఏళ్ళ తరబడి తల బద్దలుకొట్టుకున్నాను. ఈ రోజు పరీక్షలో నూనె చల్లబడకపోతే ఈ పనికి మంగళం పాడేస్తానని మేనేజరు ముందే చెప్పాడు.

మొదటి దిమ్మ రాగానే బావగారు దానిమీద ఎర్రగీత కొట్టి పక్కన పడేశారు.

"ఇదేం సరుకు మరదలా? అన్నీ చిల్లులే!"

"చిల్లులే కావాలి బావగారూ! చిల్లుల కోసమే తెప్పించాం!"

భోజనం మానేసి మరీ విడమరిచి చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపారు. రెండో దిమ్మను పాస్ చేసి పంపారు. పిచ్చిదాన్ని, నమ్మాను.

పరీక్ష మొదలైంది. పంపు మూలిగింది. చుక్క నీరు బయటికి రాలేదు. విప్పి చూస్తే దిమ్మకు రెండువైపులా లప్పం మెత్తి, పైన వెండిరంగు కూడా పూసి ఉంది.

"ఇదెవరి నిర్వాకం?"

"నాదే. పెద్దవాళ్ళు చూసే రోజు కదా, నీకు మాట రాకూడదని పైపైన మూశాను. లోపల నీ చిల్లులు నీకున్నాయి."

నాకు ఏడుపొక్కటే తక్కువ. పరుగెత్తి ఆ ఎర్రగీత దిమ్మనే తెచ్చి బిగించాను. నీళ్ళు పారాయి. చూస్తుండగానే నూనె వేడి దిగింది. మేనేజరు మొహం విప్పారింది.

"ఇంతకీ ఇది పాసైన దిమ్మేనా? కాకపోతే పరీక్ష చెల్లదు" అన్నాడు.

బావగారు ఒకసారి కొట్టిన గీతను వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు. ఇంట్లో అక్క తెచ్చిన టమాటాలను బాగాలేవని పక్కన పడేసినా అంతే.

ఆయన నావైపోసారి చూసి మేనేజరు వైపు తిరిగారు.

"పాసేనండీ. పొరపాటున గీత కొట్టాను."

మేనేజరు వెళ్ళగానే నా పక్కకొచ్చి గొంతు తగ్గించారు.

"అక్కకు చెప్పకు. నేను పొరపాటు ఒప్పుకున్నానని తెలిస్తే ఆ టమాటాలన్నీ తిరగదోడుతుంది."

"చెప్పను" అని రెండో దిమ్మ, ఒక సూది ఆయన చేతిలో పెట్టాను. "ముందు ఆ లప్పం తీయండి. ప్రతి చిల్లులోంచీ."