అరవైకి తక్కువైతే

పొద్దున్నే మామగారికి బీపీ మాత్ర ఇవ్వాలంటే ముందు నాడి చూడాలి. ముంజేతి మీద రెండు వేళ్లుంచి, గోడ గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆ మాత్ర గుండె వేగాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి, అరవైకి తక్కువైతే ఆపి ఫోన్ చేయమని డాక్టరు చీటీ మీద రాశాడు. కోడలు పదహారేళ్లుగా ఆసుపత్రిలో నర్సు. అక్కడ ఈ పనికి జీతమిస్తారు. ఇంట్లో ఇదే పనిని పెత్తనం అంటారు.

నిమిషం సేపు ఏం చూస్తుందో, అవతల కాఫీ చల్లారిపోతోందని అత్తగారు గొణుగుతుంది. నర్సుతనం ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేసి రమ్మంటాడు మొగుడు. అదే నోటితో, ఇంట్లో నర్సుండగా మాకేం బెంగ అని చుట్టాల దగ్గర గొప్పలు పోతాడు. "నా చెయ్యి ఇంకా ఉందా అమ్మాయ్, అరిగిపోయిందా?" అని మామగారొక్కరే నవ్విస్తారు.

మొన్న సోమవారం లెక్క యాభై రెండు దగ్గర ఆగిపోయింది. ఆమె డాక్టరుకు ఫోన్ చేసింది. ఇవాళ్టికి ఇవ్వొద్దన్నాడాయన. ఆ మాటే మొగుడికి రెండుసార్లు చెప్పి డ్యూటీకి వెళ్లింది. రోజూ వేసుకునేది మానేస్తే బీపీ పెరగదా, దీనిదంతా చాదస్తం అనుకుని అతను మాత్ర మింగించేశాడు. పదకొండింటికి మామగారు మంచం మీంచి లేచి నాలుగడుగులు వేసి, బాత్రూమ్ గుమ్మంలో కూలిపోయారు.

నుదుటి మీద ఆరు కుట్లు. ఆమె పనిచేసే వార్డుకే తెచ్చారు. కుట్లు వేస్తుంటే కదలకుండా పట్టుకున్నదీ ఆమే. నర్సు కోడలుండి ఏం లాభమని అత్తగారు కళ్లొత్తుకుంది. "నువ్వు సరిగ్గా చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు" అన్నాడు మొగుడు, అందరూ వింటుండగా. ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ చేతుల్లో ఆ పెద్దాయన తల ఉంది.

మూడో రోజు డిశ్చార్జి. మందుల సంగతి ఇంటివాళ్లకు చెప్పి, వాళ్ల నోటితోనే తిరిగి చెప్పించి, అప్పుడు సంతకం తీసుకోవడం ఆ వార్డు పద్ధతి. మీ ఇంటి మనిషేగా, మీరే పెట్టేయండి సిస్టర్ అని తోటి నర్సు కాగితాలు చేతికిచ్చింది. మొగుడు అప్పటికే సంచి భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడుస్తున్నాడు.

ఆమె పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది. అతన్ని వెనక్కి పిలిచి కుర్చీ చూపించింది. అక్కడ ఎవరినైనా మొదట అడిగే ప్రశ్నే, గొంతు పెంచకుండా అడిగింది.

"పేషెంటుకు మీరేమవుతారు?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. మామగారు నుదుటి కట్టు కింద నుంచి అతన్నే చూస్తున్నారు.

"కొడుకుని" అన్నాడు చివరికి.

"అయితే సంతకం మీదే. రేపట్నుంచి నాడి చూసి మాత్ర ఇచ్చేదీ మీరే. ఎలా చూస్తారో చెప్పండి, వింటాను."