ఆరోగ్యవంతుల గుంపులో ఒకరు

హేమమాలిని నాలుగేళ్లుగా చేస్తున్న పని చెప్పడానికి సులువే, చేయడానికే తల ప్రాణం తోకకొస్తుంది. కాలేయానికి క్యాన్సర్ పట్టిన తొలిరోజుల్లో, నొప్పీ వాపూ ఏమీ లేనప్పుడే, రక్తంలో కొన్ని ప్రోటీన్లు పెరుగుతాయేమోనని ఆమె వెతుకుతోంది. అవి దొరికితే జబ్బును ముదరకముందే పట్టుకోవచ్చు.

రోగుల రక్తం ఆస్పత్రి ఇచ్చింది. పోల్చి చూడటానికి జబ్బు లేనివాళ్ల రక్తం కూడా కావాలి. ఆరోగ్యంగా ఉన్నవాడు పనిగట్టుకొని వచ్చి సూది ఎందుకు పొడిపించుకుంటాడు? అందుకని హేమ చెన్నై సౌకార్‌పేటలోని తన ఇంటివాళ్లనూ చుట్టాలనూ బతిమాలి ఆస్పత్రికి తీసుకుపోయింది. టిఫిన్ పెట్టిస్తానంటే మేనత్తలు కూడా కదిలారు. గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో ఆ ఆస్పత్రిలో రక్తం తీయించిన డాక్టర్ శ్రీరామచంద్ర ఒక్కరికే తెలుసు.

ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యవంతుల్లో ఒక నంబరు రోగుల సరసన చేరింది. మళ్లీ చేసి చూసింది. మళ్లీ అంతే. పొరపాటని ఆ ఒక్కదాన్ని కొట్టేస్తే లెక్క ముచ్చటగా కుదురుతుంది. కానీ ఆ నంబరు తనవాళ్లలో ఎవరిదో. తన పరీక్ష తప్పయిపోవాలని మొక్కుకున్న పరిశోధకురాలు ఇంకొకరు ఉంటారో లేదో, హేమ మాత్రం మొక్కుకుంది.

డాక్టరుకు చెప్పింది. "పేరు నీకు చెప్పకూడదమ్మా. నేనే పిలిపించి స్కాన్ తీయిస్తా," అన్నాడాయన. కొన్నాళ్లకు అడిగితే, రెండుసార్లు ఫోన్ చేసినా ఆ మనిషి రాలేదన్నాడు.

హేమకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం మధ్యాహ్నం తండ్రికి రసం పోస్తూ ఆ కోపమంతా వెళ్లగక్కింది. తండ్రి ధర్మలింగం జార్జి టౌన్‌లో చింతపండు టోకు వ్యాపారి.

"మన చుట్టాల్లోనే ఎవరో, నైనా. డాక్టరు పిలిస్తే పోకుండా ఉండారు. ఏం మనుషులో."

ధర్మలింగం అన్నం కలపడం ఆపాడు. "నేనే పాపా," అన్నాడు.

గరిటె హేమ చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"భయపడి కాదు. నీ పరీక్షలో ఏదో తేడా కనపడిందని చెప్పినారు. నాకేమి, రాయిమాదిరి ఉండాను. ఆడికి పోయి స్కాన్ తీస్తే ఏమీ లేదని తేలుతుంది. అప్పుడు నీ పరీక్షే తప్పంటారు గదా. ఇన్నేండ్లు తిండీ నిద్రా లేకుండా చేసినావు. నా వల్ల చెడిపోకూడదనే పోలా."

హేమకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇంత పిచ్చి ప్రేమను తిట్టడానికి నోరు రాలేదు.

"తప్పని తేలాలనే నైనా, నేను మొక్కుతుండేది," అంది.

ధర్మలింగం కూతురి ముఖంలోకి చూశాడు. అవతలివాళ్లు పైకి చెప్పని మాటను ముఖంలో చదవడం వ్యాపారికి అలవాటే. ఆయనకు అంతా అర్థమయింది.

"సరి. అంటే నీ పని నువ్వు బాగానే చేసినావు," అన్నాడు.

ఆయన ఇంకో రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కొని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"డాక్టరుకు ఫోన్ చెయ్యి పాపా. రేప్పొద్దున వస్తామని చెప్పు. నువ్వూ రావాల. ఒక్కడే పోవాలంటే నాకు భయంగా ఉంది."